లెక్కలోకి రాని తీరం

చచ్చిన తాబేటి వీపు మీద మొదటిసారి ఎర్ర పెయింటు గీత గీసినప్పుడు నాకు చెయ్యి వణికింది. ఆ ఉదయం కళింగపట్నానికి ఉత్తరంగా నడిచిన 11 కిలోమీటర్లలో ఆ గీత 17 సార్లు గీశాను. మర్నాడు మళ్ళీ అదే దారిన వచ్చినప్పుడు అదే కళేబరాన్ని రెండోసారి లెక్కపెట్టకుండా ఉండటానికే ఆ గీత. గీసే ముందు దర్జీల టేపుతో చిప్ప పొడవు కొలవాలి, మెడ దగ్గర్నుంచి తోక దాకా, వంపు వెంట. తోక చూడాలి. చిప్ప దాటి బాగా బయటికి వస్తే మగది, పొట్టిగా లోపలే ఉంటే ఆడది. ఒంటి మీద గాయం ఉందా, కాలికి వల తాడు చుట్టుకుని ఉందా చూడాలి. ఆ రోజు చాలావాటికి ఏ గాయమూ లేదు. మెడలు ఉబ్బి ఉన్నాయి, కళ్ళు ముందుకు పొడుచుకొచ్చి ఎర్రబడి ఉన్నాయి. సముద్రంలో బతికే ప్రాణి సముద్రంలోనే ఊపిరాడక పోయిందనడానికి అదీ గుర్తు. తాబేలు చేప కాదు. దానికి ఊపిరితిత్తులున్నాయి, పైకి తేలి గాలి పీల్చుకోవాలి. లాగుతున్న వలలో ఇరుక్కుంటే పైకి రాలేదు.

నాతో ఆ ఊరి కుర్రాడొకడు ఉండేవాడు, నోటు పుస్తకం పట్టుకుని. నేను కొలత చెబితే వాడు రాసేవాడు. పదిహేడోది రాశాక పెన్ను జేబులో పెట్టుకుని అడిగాడు: "ఎవులడుగుతారక్కా ఈ లెక్క?"

ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. కాకపోతే ఆ జవాబు ఒక మనిషి జీవితం మీదుగా తిరిగి రావాలి. తీరాల్ని, తాబేళ్ళని కాపాడటానికి బతుకంతా ఇచ్చి, పేరు ముందు డాక్టరు బిరుదు గానీ వెనక ఒక సంస్థ గానీ లేకుండా వెళ్ళిపోయిన మనిషి. పేరు సతీష్ భాస్కర్.

ఆయన 1946లో కేరళలోని చెరాయిలో పుట్టారు. మద్రాసు ఐఐటీలో ఇంజనీరింగు చదువుతూ మధ్యలో వదిలేశారు. సముద్రమంటే పిచ్చి, ఈత బాగా వచ్చు. రోములస్ విటేకర్ మద్రాసులో పాముల పార్కు పెట్టిన తొలి రోజులవి. ఆ గుంపులో ఈయన కలిశారు. కుక్కలూ మనుషులూ గుడ్లు తవ్వుకుపోకముందే ఏరి భద్రపరచడానికి రాత్రిపూట మద్రాసు ఒడ్డున నడవడం వాళ్ళు మొదలుపెట్టిన అలవాటు. ఆ నడక నేటికీ చెన్నైలో సాగుతోంది, 1988 నుంచి విద్యార్థుల బృందం దాన్ని నడిపిస్తోంది. కానీ భాస్కర్ మద్రాసు దగ్గర ఆగలేదు. అప్పటికి మన దేశంలో ఏ జాతి సముద్రపు తాబేలు ఏ ఒడ్డున, ఏ నెలలో, ఎన్ని గుడ్లగుంటలు పెడుతుందో చూపించే పటం లేదు. ఒరిస్సాలో గహిర్మఠ దగ్గర లక్షల తాబేళ్ళు ఒకేసారి ఒడ్డెక్కుతాయన్న సంగతి శాస్త్రలోకానికి తెలిసిందే 1974లో. ఆ ఊళ్ళ వాళ్ళకి తరతరాలుగా తెలుసు, అడిగినవాళ్ళు లేరు, అంతే.

భాస్కర్ అడగడం మొదలుపెట్టారు. 1977లో లక్షద్వీప్, ఆ తర్వాత కచ్ సింధుశాఖ, అండమాన్, నికోబార్. దాదాపు ఇరవై ఏళ్ళ పాటు ఇసుక మీద నడిచారు. అంతా కలిపితే 4 వేల కిలోమీటర్లకు పైమాటే. ఇసుకలో నడక ఎలా ఉంటుందో తీరం వాళ్ళకి తెలుసు. మడమ దిగబడుతుంది, అడుగు వేసిన కొద్దీ సగం అడుగు వెనక్కి పోతుంది. పోటు మీదుంటే తడి ఇసుక దొరకదు, పొడి ఇసుకలోనే పోవాలి. నదీ ముఖాలు దాటాలి. అండమాన్ నికోబార్‌లో అయితే ఆ నదుల్లో మొసళ్ళుంటాయి.

ఆయన చేసిన వాటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది సుహేలి. లక్షద్వీప్‌లో మనుషులు కాపురం లేని దీవి అది. వాతావరణం బాగున్న నెలల్లో జాలర్లు వచ్చి పోతుంటారు, వానాకాలం రాగానే పడవలు ఆగిపోతాయి. పచ్చ తాబేళ్ళు గుడ్లు పెట్టేది సరిగ్గా ఆ వానాకాలంలోనే. అంటే అక్కడ ఏం జరుగుతుందో చూడాల్సిన నెలల్లో చూడటానికి ఎవరూ ఉండరు. అందుకని 1982లో భాస్కర్ ఆ దీవిలో దిగి ఐదు నెలలు ఒక్కరే ఉండిపోయారు. వానాకాలం వెళ్ళి పడవ వచ్చేదాకా తిరిగి పోవడానికి దారి లేదు. రోగమొచ్చినా, కాలు విరిగినా అక్కడే. మధ్యలో ఒకసారి భార్యకు ఉత్తరం రాసి, సీసాలో పెట్టి బిరడా బిగించి సముద్రంలోకి వదిలారు. ఆ సీసా 24 రోజులకు సుమారు 800 కిలోమీటర్ల దూరంలో శ్రీలంక ఒడ్డున ఒక జాలరి చేతికి చిక్కింది. ఆయన ఆ ఉత్తరాన్ని పోస్టులో వేసి ఆమెకు చేరవేశాడు.

సీసా కథ అందరూ చెప్పుకుంటారు, అందమైన కథ గదా. నాకు మాత్రం ఆ ఐదు నెలల రాత్రులే ఎక్కువ గుర్తొస్తాయి. రోజూ వానలో లాంతరో టార్చో పట్టుకుని అదే దీవి చుట్టూ తిరిగి, కొత్త జాడలు లెక్కపెట్టి, పాత జాడలు చెరిపి, పుస్తకంలో ఒక అంకె రాసుకోవడం. ఒక్కో రాత్రి ఆ అంకె సున్నా అయి ఉంటుంది. సున్నా కూడా రాయాలి. ఈ వృత్తిలో అందరికన్నా కష్టమైన పని అదే. ఏమీ దొరకని రాత్రి కూడా నడవాలి, దొరకలేదని రాయాలి.

1984, 85లలో ఆయన ఇండోనేసియా వెళ్ళారు, న్యూగినీ దీవిలో పడమటి భాగానికి. జమూర్స్బా మేడి అనే ఒడ్డున లెదర్‌బ్యాక్ తాబేళ్ళను లెక్కించే పని. గట్టి చిప్ప బదులు నల్లటి తోలు కప్పిన వీపున్న తాబేలు అది. తాబేళ్ళన్నిటిలోకీ పెద్దది, ఐదారు క్వింటాళ్ళ దాకా తూగుతుంది. ఒక్క కాలంలో అక్కడ 13 వేలకు పైగా గుంటలు ఉన్నాయని ఆయన లెక్క తేల్చారు. ఆ రోజు ఆ అంకె ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేదు. పాతికేళ్ళ తర్వాత వేరే శాస్త్రవేత్తలు అదే ఒడ్డున లెక్కపెడితే గుంటలు ముప్పాతిక పైగా తగ్గిపోయాయని తేలింది. పసిఫిక్‌లో లెదర్‌బ్యాక్ అంతరించే దారిలో ఉందని ప్రపంచం గొంతెత్తింది. తగ్గిందని ఎలా తెలిసింది? అంతకు ముందు ఎంత ఉండేదో ఒక మనిషి నడిచి రాసిపెట్టాడు గనక. ఆ అంకె లేకపోతే రెండో లెక్క చూసినవాళ్ళు "ఇక్కడ ఎప్పుడూ ఇంతే కాబోలు" అనుకునేవారు.

తమ్ముడూ, నువ్వడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇదే. ఈ లెక్క ఇప్పుడెవరూ అడగరు. పాతికేళ్ళకు అడుగుతారు. అప్పుడు వెనక్కి వెళ్ళి రాయడం ఎవరి తరమూ కాదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. లెక్క ఉన్నంత మాత్రాన తీరం దక్కుతుందని కాదు. గ్రేట్ నికోబార్ దీవి దక్షిణాన గలతియా అనే నది సముద్రంలో కలిసే చోట ఒక ఒడ్డుంది. మన దేశంలో లెదర్‌బ్యాక్‌లు ఎక్కువగా గుడ్లు పెట్టే చోట్లలో అది ముఖ్యమైనదని భాస్కర్, ఆయన తర్వాతి వాళ్ళు చేసిన సర్వేల వల్లే తెలిసింది. దాన్ని అభయారణ్యం చేశారు. 2004 డిసెంబరు సునామీలో ఆ దీవి దక్షిణపు కొస కొన్ని మీటర్లు కుంగిపోయి, ఒడ్డు మొత్తం మునిగిపోయింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇసుక మళ్ళీ మేట వేసింది, తాబేళ్ళు మళ్ళీ వచ్చాయి. 2021 జనవరిలో మాత్రం అక్కడ పెద్ద ఓడరేవు కట్టడానికి వీలుగా ఆ అభయారణ్యం హోదా తీసేశారు. అటూ ఇటూగా అవే రోజుల్లో కేంద్రం విడుదల చేసిన సముద్రపు తాబేళ్ళ జాతీయ కార్యాచరణ ప్రణాళికలో గలతియా ముఖ్యమైన ఆవాసమని ఉంది. ఆ దీవి క్యాంప్‌బెల్ బేలో 1969 నుంచి తెచ్చి స్థిరపరచిన మాజీ సైనికుల కుటుంబాల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, కాబట్టి ఈ సంగతి మనకు మరీ దూరపు సంగతేం కాదు.

మరి లెక్క వల్ల ఒరిగిందేమిటని అడుగుతారు, అడగాల్సిందే. నేను చెప్పేది ఇది: ఆ లెక్క ఉంది గనకే అక్కడ ఏమీ లేదని ఎవరూ అనలేకపోయారు. నదులకూ అడవులకూ నోరు లేదు, తాబేటికి ఓటు లేదు. హరిత ట్రిబ్యునల్‌లో గానీ పత్రికల్లో గానీ వాటి తరఫున మాట్లాడేవాడి చేతిలో కాగితం ఉండాలి. ఆ కాగితం మీద ఏ ఏడు ఎన్ని గుంటలో ఉండాలి. గలతియాకు ఆ కాగితం ఉంది. లిటిల్ అండమాన్‌లో ఉపగ్రహ ట్యాగులు కట్టిన లెదర్‌బ్యాక్‌లు ఆస్ట్రేలియా పడమటి తీరం దిక్కుగా, ఒకటైతే ఆఫ్రికాలో మొజాంబిక్ దాకా ఈదుకుంటూ వెళ్ళాయని తేలింది. ఆ తాబేళ్ళు ఒడ్డెక్కేది ఏ ఒడ్డునో ముందు నడిచినవాళ్ళు చెప్పారు గనకే తర్వాతి వాళ్ళు ట్యాగులు పట్టుకుని అక్కడికి వెళ్ళగలిగారు. ఓడిపోయినా పోరాడటానికి వీలున్న తీరం అది. నా భయమంతా పోరాడకుండానే పోయే తీరాల గురించి. అవి ఎక్కడో లేవు. మన దగ్గరే ఉన్నాయి.

ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని మనమంతా బడిలో చదువుకున్నాం. ఈ మధ్య వంపులన్నీ పట్టి కొత్తగా కొలిస్తే 1,053 అయింది. పాఠ్యపుస్తకంలో ఏళ్ళ తరబడి ఉన్న అంకె కూడా మళ్ళీ కొలిస్తే మారిందన్నమాట. మరి ఆ పొడవునా సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఉగాది దాకా ఒడ్డెక్కే తాబేళ్ళ సంగతి? ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్ళు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా చాలాచోట్ల గుడ్లు పెడతాయి. ఇక్కడ ఒరిస్సాలో లాగా ఒకేసారి లక్షలు రావు. రాత్రికి ఒకటో రెండో, అక్కడొకటి ఇక్కడొకటి. ఒరిస్సాలోని ఋషికుల్య ఒడ్డున 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయంటే దేశమంతా ఫోటోలు వచ్చాయి. అక్కడ గంజాం తీరంలో వాటికి కాపలా కాసే జాలరి కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మన ఒడ్డు మీద ఒంటరిగా వచ్చి పోయే తాబేటికి ఫోటో ఉండదు. జాడ తెల్లారేసరికి గాలికి చెరిగిపోతుంది. రాసినవాడు లేకపోతే రానట్టే.

అటవీ శాఖ, కొన్ని స్వచ్ఛంద సంస్థలు హేచరీలు పెట్టి గుడ్లు కాపాడుతున్నాయి. వాళ్ళ కష్టం నాకు తెలుసు, ఆ పాకల్లో నేనూ పడుకున్నాను. వేడి పెరిగితే పుట్టేవన్నీ ఆడవే అవుతాయి కాబట్టి పైన తాటాకు పందిరి వేసి, ఇసుకలో థర్మామీటరు గుచ్చి చూసుకునేవాళ్ళం. నా వాదన హేచరీల మీద కాదు, హేచరీ దగ్గరే పని పూర్తయిందనుకోవడం మీద. పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజున పెద్దవాళ్ళొస్తారు, బడిపిల్లలొస్తారు, కెమెరాలొస్తాయి. అరచేతిలో పట్టేంత నల్లటి పిల్ల కెరటం వైపు పాకుతుంటే ఎవరి మనసైనా కరుగుతుంది. నేను ఈ పనిలోకి వచ్చిందే అలాంటి ఒక సాయంత్రం చూసి. అయితే ఈ లెక్క కూడా చూడండి. వదిలిన వెయ్యి పిల్లల్లో పెరిగి పెద్దయ్యేది ఒక్కటని సాధారణంగా అనుకునే అంచనా. ఒక గుంటలో వందకు పైచిలుకు గుడ్లుంటాయి. అంటే పది గుంటలు కాపాడి, పొదిగించి, చీకట్లో జాగ్రత్తగా వదిలితే, పది పదిహేనేళ్ళకు మనకు ఒక పెద్ద తాబేలు మిగులుతుంది. ఆ ఉదయం నేను గీసిన 17 ఎర్ర గీతల్లో 12 ఆడవి. ఎన్ని గుంటలు కాపాడితే ఆ 12 తిరిగొస్తాయో మీరే లెక్కేసుకోండి.

ఎందుకు చనిపోతున్నాయో తెలియనిది కాదు. మరబోట్లు రొయ్యల కోసం అడుగు వలలు గంటల తరబడి లాగుతాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల అవి వేటాడకూడదని మన రాష్ట్రంలో నిబంధన ఉంది. గుడ్లు పెట్టే నెలల్లో తాబేళ్ళు గుమిగూడేదీ ఆ లోపలే, రొయ్య దొరికేదీ ఆ లోపలే. ఏటా 61 రోజుల వేట నిషేధం ఉందిగా అంటారు. అది ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. చేపల సంతానం కోసం పెట్టిన నిషేధం అది. అది మొదలయ్యే నాటికి మా ఒడ్డున తాబేళ్ళ కాలం అయిపోతుంది.

వలకు టెడ్ అనే చట్రం కట్టుకోవచ్చు. వల గొంతులో ఇనప చువ్వల జల్లెడ లాంటిది అడ్డంగా కుడతారు. రొయ్యలు చువ్వల సందుల్లోంచి వెనక్కి జారిపోతాయి, తాబేలు చువ్వలకు తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిన్‌లోని కేంద్ర సంస్థ మన బోట్లకు సరిపడేలా ఒకటి తయారు చేసి చాలా ఏళ్ళయింది. ఆ చట్రం లేదనే అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. 1990లలో ఇదే గొడవ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళింది, మన దేశం ఫిర్యాదు చేసిన వాళ్ళలో ఒకటి. బోటు యజమానులు చెప్పేది కూడా వినాలి. కంతలోంచి తాబేటితో పాటు పెద్ద చేప కూడా పోతుంది, డీజిలు ధర చూస్తే ఒక్క బుట్ట చేపా వదులుకోలేమంటారు. అది అబద్ధం కాదు. ఆ నష్టం పూడ్చే బాధ్యత ఒక్క బోటువాడి మీద వేసి ఊరుకుంటే చట్రం బోటు మూలన తుప్పు పడుతుంది. తనిఖీకి వచ్చిన రోజే బయటికొస్తుంది.

ఊళ్ళో ముసలాయన ఒకరు నాతో అన్నమాట గుర్తుంది. శ్రీకూర్మం మా జిల్లాలోనే గదా. "మాకది కూర్మనాథుడమ్మా. వల్లో పడితే పసుపు కుంకుమ ఎట్టి, దండమెట్టి ఒగ్గేసేవోళ్ళం. ఇప్పుడు ఆ పెద్ద బోట్లు మా వలల్నే తెంపుకుపోతన్నాయి. దేవుడు తప్పించుకుంటాడా?" చిన్న పడవల వాళ్ళ వల్ల తాబేళ్ళు చావవని నేననను. టేకు చేపలకు వేసే పెద్ద కన్నుల వలల్లోనూ చిక్కుకుని పోతాయి, ఆ లెక్కా మా పుస్తకంలో ఉంది. కానీ ఒడ్డు దగ్గరికొచ్చే మరబోటు వల్ల తాబేలూ నష్టపోతోంది, చిన్న పడవవాడూ నష్టపోతున్నాడు. తీరాన్ని కాపాడాలంటే ఈ ఇద్దరిదీ ఒకే పక్షమని గుర్తించాలి. మత్స్యకారుణ్ణి దొంగలా చూసే సంరక్షణ ఏ తీరంలోనూ నిలబడదు. ఇది నేను పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు.

ఇక ఆ కుర్రాడి సంగతి.

మొదటి నెలలో వాడికి నేనే నేర్పాను. ఇసుక మీద జాడ చూసి జాతి ఎలా పోల్చాలో చెప్పాను. రిడ్లీ ముందు కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది గనక అటూ ఇటూ మార్చి మార్చి కామాలు పెట్టినట్టుంటుంది జాడ. రెండు కాళ్ళూ ఒకేసారి వేసే పెద్ద తాబేళ్ళ జాడ ట్రాక్టరు చక్రం తొక్కినట్టు రెండు వైపులా సరిసమానంగా ఉంటుంది. రెండో నెలకల్లా వాడు నాకు నేర్పడం మొదలుపెట్టాడు. గుంట ఎక్కడుందో పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. తాబేలు గుడ్లు పెట్టాక గుంట పూడ్చి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను దిమ్మిస వేస్తుంది. ఆ తర్వాత కాళ్ళతో చుట్టూ ఇసుక చిమ్మి ఎక్కడ తవ్విందో తెలియకుండా చేసి వెళ్ళిపోతుంది. వాడి దగ్గర సరుగుడు కర్ర ఒకటుండేది, చూపుడు వేలంత లావు, కొన నున్నగా అరిగింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, బరువు వేయకుండా, ఒక్కో జానెడు దూరంలో మెల్లగా దించేవాడు. గట్టి ఇసుకలో కర్ర ఆగుతుంది. గుంట మీదకొస్తే ఇసుక వదులై, కర్ర తనంతట తనే అర అంగుళం జారుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో అంగుళం దిగితే గుడ్డు పగులుతుంది. నా చేతిలో రెండుసార్లు పగిలింది. వాడి చేతిలో ఒక్కటీ పగల్లేదు. ఆగిన చోట కర్ర తీసేసి చేతులతో తవ్వేవాడు, మోచెయ్యి మునిగేదాకా. ఆ తర్వాత తల పక్కకు తిప్పి, కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే లెక్కపెట్టేవాడు. వెచ్చగా, తడిగా, పింగ్‌పాంగ్ బంతుల్లా ఉంటాయవి.

ఆ ఏడాది ఫిబ్రవరి 9 దాకా మా పుస్తకంలో ప్రతి రాత్రికీ ఒక వరుస ఉంది. 10 నుంచి లేదు. ప్రాజెక్టుకు డబ్బిచ్చే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఆర్థిక సంవత్సరానికి కేటాయింపు అయిపోయింది, ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ వచ్చాక మొదలుపెట్టండి అని. ఏప్రిల్‌కు తాబేళ్ళు ఉండవని జవాబు రాశాను, ఫోన్లు చేశాను. వాళ్ళ కాగితాల్లో సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. తాబేటి సంవత్సరం జనవరిలో మొదలై మార్చిలో పండుతుంది. ఈ రెండు క్యాలెండర్లు కలవనంత కాలం మన తీరాల లెక్క ప్రతి ఏడూ సగంలో తెగిపోతూనే ఉంటుంది. నేనొక్కదాన్నే కొన్ని రాత్రులు నడిచాను. రోజు కూలి ఇవ్వకుండా వాణ్ణి రమ్మనడానికి నాకు నోరు రాలేదు. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ 11 కిలోమీటర్లలో ఎన్ని గుంటలు పడ్డాయో ఇక ఎప్పటికీ తెలియదు. ఆ ఖాళీ పేజీలు నా దగ్గరే ఉన్నాయి.

వాడు వెరావల్ వెళ్ళిపోయాడు. మా జిల్లాలో మగపిల్లలు గుజరాత్ బోట్ల మీదికి పోవడం కొత్తేం కాదు. 2018 చివర్లో అలా వెళ్ళి పాకిస్తాన్ చెరలో పడి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చిన జాలర్లు ఉత్తరాంధ్ర వాళ్ళే. అంత జరిగినా పోతున్నారంటే ఇక్కడ పని లేకనే. వేళ్ళతో ఇసుక చదవగలిగిన మనిషి ఇప్పుడు వేరే సముద్రంలో వేరేవాళ్ళ మరబోటులో వల లాగుతున్నాడు. ఈ వృత్తి గురించి నేను ఇన్నేళ్ళలో తెలుసుకున్న వాటిలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఇప్పుడు ఈ రంగంలోకి వచ్చే పిల్లలు చాలా తెలివైనవాళ్ళు. డ్రోన్లు, జన్యు పరీక్షలు, ఉపగ్రహ ట్యాగులు అన్నీ వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. కానీ వాళ్ళకు దొరికేది రెండేళ్ళ ప్రాజెక్టు, మూడేళ్ళ ఫెలోషిప్. అందులో కొత్త సంగతి కనిపెట్టి పత్రికలో అచ్చు వేయాలి. పోయినేడు నడిచిన ఒడ్డునే ఈ ఏడూ నడిచి, అదే పద్ధతిలో అదే అంకె రాస్తే కొత్తేముందంటారు. భాస్కర్ లాంటి మనిషి ఈ రోజు ఉద్యోగానికి వస్తే మొదటి కాగితం దగ్గరే ఆగిపోతాడు. డిగ్రీ పూర్తి కాలేదు గదా. ఆయన బతికిన రోజుల్లోనూ చిన్నచిన్న గ్రాంట్ల మీదే పని చేశారు. 1990ల మధ్యలో ఈ పని మానేసి గోవాలో స్థిరపడ్డారు. 2010లో గోవాలో అంతర్జాతీయ సముద్రపు తాబేళ్ళ సదస్సు జరిగినప్పుడు ఆయనకు పురస్కారం ఇచ్చి గౌరవించారు. 2023 మార్చిలో పోయారు. అలాంటి త్యాగమూర్తి మళ్ళీ పుట్టాలని నేను కోరుకోవడం లేదు. ఒక దేశం తన తీరం లెక్క కోసం ఒక మనిషి త్యాగం మీద ఆధారపడటమే తప్పు. ఆ పనికి జీతం ఉండాలి.

జీతమెంత? నేను వేసుకున్న లెక్క చెబుతాను. 1,053 కిలోమీటర్లకు పది కిలోమీటర్లకొకరు చొప్పున 105 మంది. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలు. నెలకు 15 వేలు. మొత్తం 94 లక్షల 50 వేలు. టార్చిలు, పుస్తకాలు, రెయిన్‌కోట్లు కలిపినా కోటి దాటి ఎంతో పోదు. ఒక మోస్తరు రోడ్డు మరమ్మత్తుకు అయ్యే ఖర్చు. ఆ 105 మంది ఆయా ఊళ్ళ మత్స్యకార కుటుంబాల వాళ్ళే కావాలి, ఆడవాళ్ళూ ఉండాలి. ఏడాదికేడాది అదే మనిషి అదే ఒడ్డున నడవాలి. వాళ్ళు రాసిన అంకె ప్రతి ఏడూ జనానికి తెలిసేలా ప్రచురించాలి. ఎన్ని గుంటలు, ఎన్ని కళేబరాలు, ఏ మొగ దగ్గర, ఏ తేదీన. మరబోట్లను ఏ వారాల్లో ఏ చోట ఆపితే చాలో ఆ లెక్కే చెబుతుంది. అప్పుడు మొత్తం తీరం మీద నెలల తరబడి నిషేధం అడగక్కర్లేదు, బోటువాడి పొట్ట మీద అంత దెబ్బా పడదు. లెక్క లేనప్పుడే అన్నీ మూసేయమనో అన్నీ తెరిచేయమనో అరుచుకుంటాం.

పోయిన డిసెంబరులో ఒక రాత్రి వాడు ఫోన్ చేశాడు. వెనక ఇంజను చప్పుడు. ఇల్లు, అమ్మ ఆరోగ్యం, చెల్లి పెళ్ళి మాటలయ్యాక అడిగాడు.

"ఈ ఏడు నడుస్తన్నావా అక్కా?"

నడుస్తున్నానన్నాను, ఒక్కదాన్నే, వారానికి మూడు రాత్రులు.

"ఉప్పుటేరు మొగ ఉత్తరానికి జరిగిపోనాదంట, అమ్మ సెప్పింది. పాత రేవు కాడ ఇసుక కొట్టుకుపోనాది, అక్కడ ఎతక్కు. సరుగుడు తోట దాటినాక సూడు." కాసేపు ఇంజను చప్పుడే వినిపించింది. "నా కర్ర ఇంట్లోనే ఉన్నాది. సూరులో ఎట్టినాను. అమ్మనడుగు, ఇస్తాది."